కడుపు నిండిన డేగ

మా తమ్ముడి కొడుకు పోయిన డిసెంబరులో ఫ్రాన్సు నుంచి వస్తూ నాకొక గోడ కేలండరు తెచ్చాడు. చీరో, సెంటుబుడ్డో తెస్తాడనుకున్న నాకు, చెప్పొద్దూ, కాస్త నిరుత్సాహమే కలిగింది. అందులో తిథి లేదు, నక్షత్రం లేదు, వర్జ్యం లేదు. ఏకాదశి ఎప్పుడో చెప్పని కేలండరు మనకెందుకండీ? అయినా పిల్లవాడు అంతదూరం నుంచి మోసుకొచ్చాడు గదా అని వంటింట్లో, బియ్యం డబ్బా పైన ఉన్న మేకుకి తగిలించాను. పాల లెక్క రాసుకోవడానికైనా పనికొస్తుందని నా ఉద్దేశం.

తీరా చూస్తే అది మామూలు కేలండరు కాదు. ఆరు వందల ఏళ్ల కిందట ఫ్రాన్సు రాజవంశంలో బెర్రీ ప్రభువని ఒకాయన ఉండేవాడు. ఆయన తన కోసం ఒక ప్రార్థనల పుస్తకం రాయించుకున్నాడు. అందులో పన్నెండు నెలలకీ పన్నెండు బొమ్మలు. లింబూర్గ్ సోదరులని ముగ్గురు అన్నదమ్ములు 1412 ప్రాంతంలో ఆ పని మొదలుపెట్టారు. 1416లో ఆ ముగ్గురూ పోయారు, ప్రభువూ పోయాడు. పుస్తకం మధ్యలో ఆగిపోయింది. మిగిలిన పని తర్వాత ఎప్పుడో వేరేవాళ్లు పూర్తి చేశారు. ఆ పుస్తకం ఇప్పుడు షాంటిల్లీ కోటలోని మ్యూజియంలో ఉంది. దానికి నకలు నా బియ్యం డబ్బా మీద ఉంది.

జనవరి నుంచి జూలై దాకా నేను తేదీలు తప్ప బొమ్మలు సరిగ్గా చూడలేదు. ఆగస్టు పేజీ తిప్పినప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. ముందు భాగంలో గుర్రాల మీద దొరలు, దొరసాన్లు ఊరేగింపుగా పోతున్నారు. ఖరీదైన బట్టలు, నెత్తిన టోపీలు. కింద బుల్లి కుక్కలు. అందరికంటే ముందు ఒక మనిషి కాలినడకన పోతున్నాడు. అతని చేతిమీద రెండు డేగలు. డేగలతో పిట్టల్ని వేటాడటానికి వెళ్తున్నారన్నమాట. వెనకాల కొండమీద తెల్లటి కోట.

మొదటి వారం నేను చూసింది గుర్రాల్నీ, బట్టల్నీ. రెండోవారం డేగల్ని చూశాను. మూడోవారం, పప్పు ఉడికే లోపల తీరుబడిగా నిలబడితే, ఇంకొకటి కనిపించింది. దొరల వెనక, కోటకి ఇవతల, పొలం ఉంది. అందులో చీమల్లాగా మనుషులు పంట కోస్తున్నారు, పనలు కడుతున్నారు, బండికెత్తుతున్నారు. ఇంకొంచెం పక్కన ఏట్లో కొందరు బట్టలు విప్పి ఈదుతున్నారు. ఆగస్టు ఎండ మరి! నాలుగు నిమిషాల్లో తెమిలే బొమ్మ కాదది.

నేనలా చూస్తుంటే మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి కూడా వచ్చి నా వెనక నిలబడింది. అమ్మాయంటే అలవాటుకొద్దీ అంటున్నాను గానీ, ముప్ఫై అయిదేళ్లుంటాయి. ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో చేస్తోంది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, డేగల వైపు చూపించి, "అవి ఎగిరిపోవా అమ్మగారూ?" అంది.

"పెంచిన పిట్టలు కదా, యజమాని మీద ప్రేమ ఉంటుంది. తిరిగొచ్చేస్తాయి," అన్నాను. ఆ మాట అనేశాను గానీ నాకే నమ్మకం కలగలేదు. కుక్క అయితే ప్రేమతో వస్తుందనవచ్చు. డేగ కుక్క కాదే! మన పెరట్లో కోడిపిల్లని తన్నుకుపోయే జాతి అది. ఆకాశమంతా తనదే అయినప్పుడు, ఒక మనిషి మణికట్టు మీదికి ఎందుకు తిరిగి రావాలి?

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మా అబ్బాయి బీరువాలో ఉన్న పుస్తకాలు తీశాను, లైబ్రరీకి వెళ్లాను, మనవరాలి చేత ఫోనులో వెతికించాను. వెతికినకొద్దీ ఒక విషయం అర్థమైంది. పూర్వం ప్రపంచంలో ఎక్కడ చూసినా, పెద్దమనిషి బొమ్మ గియ్యాలంటే చేతిమీద డేగని పెట్టేవారట. మన కాలంలో ఫొటో స్టూడియోలో చేతికి వాచీ, పక్కన టేబులు మీద రేడియో పెట్టి తీసేవారే, అలాగ.

ఫ్రాన్సులో బేయూ అనే ఊరి పేరుతో డెబ్భై మీటర్ల పొడవున ఒక కుట్టుపని ఉంది. దాన్ని టేపెస్ట్రీ అంటారు గానీ నేత కాదు. నారబట్ట మీద ఉన్ని దారంతో సూదిపెట్టి కుట్టిందే. 1066లో నార్మన్లు ఇంగ్లండుని జయించిన కథంతా అందులో ఉంది. ఇంగ్లండులో ఆడవాళ్లే కుట్టి ఉంటారని పండితుల ఊహ. ఆ కథ మొదట్లోనే హెరాల్డ్ అనే ప్రభువు గుర్రం మీద వస్తూ కనిపిస్తాడు, చేతిమీద డేగ. ఓడెక్కడానికి నీళ్లలో దిగినప్పుడు కూడా దాన్ని వదలడు. ఆ కుట్టిన అమ్మలు ఎవరో గానీ, డేగ లేకపోతే ప్రభువని ఎవరూ గుర్తుపట్టరనుకున్నారు కాబోలు.

మనకీ ఇది కొత్తేమీ కాదు. కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో మానసోల్లాసం అనే పెద్ద సంస్కృత గ్రంథం రాశాడు. రాజులు పొద్దుపుచ్చుకునే వినోదాల వరసలో డేగవేటకి ఒక అధ్యాయం ఇచ్చాడు. విజయనగరాన్ని ఏలిన వంశాల్లో ఒకదానికి సాళువ అని పేరు. సాళువ నరసింహరాయలు 1485లో సింహాసనం ఎక్కినాయన. సాళువమంటే వేట డేగే. చిన్నప్పుడు స్కూల్లో ఆ వంశాల పేర్లు బట్టీపట్టాను గానీ, అందులో ఒక పిట్ట కూర్చుని ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

చాంద్ బీబీ పేరు మీరు వినే ఉంటారు. 1595లో మొఘలులు అహ్మద్‌నగర్ కోటను ముట్టడించినప్పుడు ఎదురు నిలిచి కాపాడిన వీరనారి. 1600లో పాపం సొంత కోటలోనే, సొంత మనుషుల చేతిలోనే ప్రాణాలు పోగొట్టుకుంది. ఆవిడ పోయిన నూరేళ్ల తర్వాత కూడా దక్కను చిత్రకారులు ఆవిడ బొమ్మ గీస్తూనే ఉన్నారు. ఎలాగనుకున్నారు? కత్తి పట్టుకుని కాదు. గుర్రం మీద కూర్చుని, చేతిమీద డేగతో, చుట్టూ పరివారంతో, తీరిగ్గా వేటకి పోతున్నట్టు. ఆ బొమ్మ నాకు ఎంతో నచ్చింది. ఆడదాని చేతిమీద డేగ! గాజులున్న చెయ్యి, గోళ్లున్న పిట్ట.

ఇంగ్లండులో 1486లో అచ్చయిన ఒక పుస్తకంలో ఎవరి హోదాకి ఏ డేగ తగునో జాబితా ఇచ్చారు. చక్రవర్తికి గద్ద, రాజుకి ఉత్తరాది మంచుదేశాల తెల్ల డేగ, అలా దిగుతూ దిగుతూ దొరసానికి అన్నిటికంటే చిన్న జాతి డేగ. అదేమీ చట్టం కాదు, కాగితం మీది ముచ్చటే. అయినా చదివినప్పుడు నవ్వొచ్చింది. మగవాళ్లకి పెద్ద గ్లాసుతో కాఫీ ఇచ్చి, మనం చిన్న గ్లాసు తీసుకోవడం ఎప్పటినించో ఉన్నదే.

దీనిలో పెద్ద తమాషా ఏమిటంటే, ఆ రాజుల చేతిమీద కూర్చున్నది ఎక్కువగా ఆడ డేగ! ఈ జాతిలో మగదాని కంటే ఆడదే పెద్దది, బలమైనది. మగది మూడోవంతు చిన్నగా ఉంటుందని, యూరపు వేటగాళ్లు దాన్ని "మూడోవంతుది" అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. ఫాల్కన్ అనే మాట వాళ్ల వాడుకలో ఆడదానికే చెల్లేది. ఆకాశం నుంచి వేట మీదికి దూకేటప్పుడు గంటకి మూడువందల కిలోమీటర్ల వేగం దాటుతుంది ఆ మహాతల్లి. అంతటి దాన్ని మణికట్టు మీద కూర్చోబెట్టుకున్నానని చూపించుకోవడానికే గదా ఈ బొమ్మలన్నీ!

మరి ఎలా కూర్చోబెట్టారు? అసలు సంగతి అక్కడే ఉంది.

ఇటలీ, జర్మనీ ప్రాంతాలను ఏలిన రెండో ఫ్రెడరిక్ అనే చక్రవర్తి (ఆయన 1250లో పోయాడు) పక్షులతో వేటాడే విద్య మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆయన కొడుకు దానికి చక్కని బొమ్మలతో ఒక ప్రతి రాయించాడు. అది రోములో వాటికన్ గ్రంథాలయంలో ఉంది. అందులో పక్షుల బొమ్మలే తొమ్మిదివందలకి పైగా ఉన్నాయి. మిగతా బొమ్మల్లో దొర కనిపిస్తే ఈ పుస్తకంలో పనివాడు కనిపిస్తాడు. డేగకి మాంసం పెడుతున్నవాడు, దాని కాళ్లకి తోలుపట్టీలు కడుతున్నవాడు, పిట్ట అవతలి ఒడ్డున వాలితే బట్టలు గట్టు మీద విప్పిపెట్టి చెరువుకి అడ్డంపడి ఈదుతున్నవాడు. డేగని సాకేవాడికి ఈత వచ్చి ఉండాలనీ, తాగుబోతు అయి ఉండకూడదనీ, ముక్కోపి అసలు పనికిరాడనీ ఫ్రెడరిక్ రాశాడు. ఎందుకంటే డేగని కొట్టి లొంగదీయడం కుదరదు. దెబ్బ తిన్న కుక్క తోక ముడుచుకుని కాళ్ల దగ్గరికి వస్తుంది. దెబ్బ తిన్న డేగ మళ్లీ కంటికి కనిపించదు.

అంచేత వేరే దారి కనిపెట్టారు. అడవిలో పట్టిన డేగని మొదట చీకట్లో ఉంచుతారు. ఆ రోజుల్లో దాని కంటిరెప్పల్లోకి సన్నటి దారం గుచ్చి, కళ్లు మూసుకుపోయేలా తలమీద ముడివేసేవారు. మచ్చిక అవుతున్నకొద్దీ ఆ దారం కొంచెం కొంచెంగా వదులు చేసేవారు. తలకి తోలుగంత తొడిగే పద్ధతిని ఫ్రెడరిక్ అరబ్బుల దగ్గర నేర్చుకున్నాడు. పగలూ రాత్రీ నిద్రపోనివ్వకుండా చేతిమీద మోస్తూ తిరగడం కూడా మచ్చిక చేయడంలో ఒక భాగం. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది తిండి. చచ్చిపోయేటంత ఆకలి కాదు, అలాగని కడుపునిండా కాదు. రోజూ రొమ్ము ఎముక వేలితో తడిమి చూసి, ఎంత కండ పట్టిందో, ఎంత తగ్గిందో లెక్క చూసుకుని పెడతారు. కడుపు నిండిన డేగ పిలిస్తే రాదు. చెట్టు చిటారుకొమ్మన కూర్చుని ఈకలు సర్దుకుంటుంది. కొంచెం ఆకలి ఉన్న డేగే చేతిమీద మాంసం ముక్క చూసి దిగివస్తుంది.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మనవాళ్లు ఊరికే అన్నారా? డేగ మచ్చికలో పనిచేసేవి ఆ రెండే.

ఇదంతా తెలిశాక నాకు షేక్‌స్పియర్ నాటకం ఒకటి గుర్తుకొచ్చింది. కాలేజీలో చదివాం. గయ్యాళి పెళ్లాన్ని మొగుడు దారికి తెచ్చుకునే కథ. 1590ల మొదట్లోది. అందులో పెట్రూషియో అనే మహానుభావుడు కొత్త పెళ్లాన్ని ఇంటికి తెచ్చి, మాంసం మాడిందని కంచం విసిరేస్తాడు, పక్క సరిగ్గా లేదని పడుకోనివ్వడు. అంతా ఆవిడ మీద ప్రేమతోనేనట! తర్వాత ఒంటరిగా నిలబడి మనతో చెబుతాడు, నా డేగకి ఇప్పుడు బాగా ఆకలిగా ఉంది, లొంగేదాకా కడుపు నింపను, నిద్రపోనివ్వను అని. క్లాసులో అందరం పడీపడీ నవ్వాం. లెక్చరరుగారూ నవ్వారు. డేగల సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు. తెలిస్తే అంతలా నవ్వేవాళ్లం కాదేమో.

నా పెళ్లయిన కొత్తలో మావారు ఇంటి ఖర్చుకి నెలకింత అని చేతికిచ్చేవారు కాదు. కూరలకి అడిగితే కూరలకి, రిక్షాకి అడిగితే రిక్షాకి. మిగిలిన చిల్లర రాత్రి బల్ల మీద పెట్టాలి. కోపిష్ఠి మనిషి కాదు, చెయ్యెత్తి ఎరగరు. వాళ్ల నాన్నగారి ఇంట్లో అలాగే జరిగింది, ఇక్కడా అలాగే జరుగుతుందనుకున్నారు, అంతే. పుట్టింటికి వెళ్లాలంటే బస్సు చార్జీ అడగాలి గనక, అడిగినప్పుడల్లా ఎందుకని ప్రశ్న వస్తుంది గనక, నేను అడగడం మానేశాను. "ఆవిడ గడప దాటదండీ, ఎంత అణకువ!" అని చుట్టాలు మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు నాకూ తియ్యగానే ఉండేది. అది అణకువో, చేతిలో బస్సుచార్జీ లేకపోవడమో నేనూ విడదీసి చూసుకోలేదు. తర్వాత తర్వాత కాలం మారింది, మావారూ మారారు. ఇప్పుడు ఆయన పెన్షను పాసుపుస్తకం నా దగ్గరే ఉంటుంది. కానీ ఆ పదేళ్లలో నేను ఇంట్లో ఉన్నది ఇష్టంతోనా, వేరే దారి లేకనా అని ఎవరైనా అడిగితే, ఇవాళ్టికీ నా దగ్గర సూటి జవాబు లేదు. ఇష్టం ఉంది, నిజమే. కానీ దాన్ని పరీక్షించుకునే అవకాశం నాకు రాలేదు.

ఇంతవరకూ రాసి ఆపేస్తే ఈ వ్యాసం నాకు చాలా సుఖంగా ఉండేది. నన్ను తలుచుకుని నాలుగు కన్నీటిబొట్లు, మగవాళ్ల మీద రెండు విసుర్లు, శుభం. కానీ మా పనమ్మాయి అలా ఆపనివ్వలేదు.

నేను చదివిందంతా తనకి చెప్పాలనిపించింది. ప్రశ్న తనదే కదా! ఒకరోజు గిన్నెలు బోర్లిస్తుంటే చెప్పాను. "ఆ రోజు ప్రేమ అన్నాను గదా, కాదే. దాన్ని కొంచెం ఆకలితో ఉంచుతారట. కడుపు నిండిపోతే రాదు కాబట్టి, ఎప్పుడూ కాస్త తక్కువ పెడతారట."

తను గిన్నె పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. "అంటే దానికీ నెల బాకీ ఉంచుతారన్నమాట," అని నవ్వింది. నవ్వేసి గిన్నెలు బోర్లించుకుంటూ పోయింది.

నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను.

సంగతి చెబుతాను, మీలో చాలామందికి తెలిసిందే. తను చేరిన మొదటి నెల జీతం నేను ఇవ్వలేదు. పన్నెండువందలు. ఇవ్వననలేదు, "నా దగ్గర ఉంటుందిలే" అన్నాను. పక్కింటావిడ నేర్పిన సూత్రం అది. మొదటి నెల జీతం పట్టి ఉంచుకోవాలి, లేకపోతే దసరాకి చీర తీసుకుని సంక్రాంతికల్లా మానేస్తారు. ముందు చేసినామె నా దగ్గర అడ్వాన్సు తీసుకుని కనిపించకుండా పోయింది కూడా. అంచేత నాకూ ఒక కారణం ఉంది. కారణాలు ఎవరికి ఉండవు? పెట్రూషియోకీ ఉంది. మా మామగారికీ ఉండే ఉంటుంది.

ఆ పన్నెండువందలు ఎనిమిదేళ్లు నా దగ్గరే ఉన్నాయి. తన కూతురు స్కూల్లో చేరినప్పుడు ఒకసారి అడిగింది. అప్పుగా వేరే ఇచ్చాను, జీతంలో కోసుకున్నాను. ఆ బాకీ మాత్రం అలాగే ఉంచాను. ఇక ఈ ఎనిమిదేళ్లలోనూ వచ్చినవాళ్లందరితో నేను గొప్పగా చెప్పుకున్న మాట ఏమిటనుకున్నారు? "మా పనమ్మాయి బంగారమండీ. ఎంత నమ్మకం! ఒక్కరోజు నాగా పెట్టదు."

బేయూ బట్ట మీది హెరాల్డ్ లాగా నేనూ చెయ్యి చాపి నిలబడ్డాననిపించింది. చూడండి నా చేతిమీద ఎంత బుద్ధిగా కూర్చుందో!

డేగవేట వాళ్లని నేను తప్పుపట్టడం లేదు. వాళ్ల తరఫున చెప్పుకోవలసిన మాటలు ఉన్నాయి. 1619లో జహంగీరు చక్రవర్తికి పర్షియా రాజు ఒక అరుదైన డేగని పంపించాడు. దారిలో దాన్ని పిల్లి గాయపరిచింది. ఆస్థానానికి చేరిన కొద్దిరోజులకే అది చచ్చిపోయింది. దాని అందం తలుచుకుని తలుచుకుని చక్రవర్తి తన ప్రియ చిత్రకారుడు మన్సూరు చేత దాని బొమ్మ వేయించుకున్నాడు. అది ప్రేమ కాదని నేనెలా అనగలను? ఇంకో సంగతి కూడా ఉంది. ఎంత ఆకలి పెట్టినా, వేటకి వదిలినప్పుడు తాడు విప్పి వదలక తప్పదు. మొదట్లో పొడుగాటి దారం కట్టి ఎగరేస్తారు. ఒకరోజు ఆ దారం తీసేస్తారు. ఆ రోజు పెంచినవాడి గుండె ఎలా కొట్టుకుంటుందో వాడికే తెలుసు. ఇక ఆ తర్వాత ఎగిరిన ప్రతిసారీ అది పోవచ్చు. కొన్ని పోతాయి కూడా.

అన్నిటికీ మించి, డేగకి మాట రాదు. "నీకు ఇక్కడ ఇష్టమేనా? ఏం కావాలి?" అని దాన్ని అడగడానికి లేదు. ఆకలి తప్ప వాళ్లిద్దరికీ మధ్య వేరే భాష లేదు. పైగా దాన్ని నిద్రపోనివ్వనివాడు తను కూడా నిద్రపోలేదు. అది అవతలి ఒడ్డుకి పోతే చన్నీళ్లలో దిగి ఈదాడు. మరి నేనేం చేశాను? మాట వచ్చిన మనిషిని మాట అడగకుండా, బాకీ ఉంచి హాయిగా నిద్రపోయాను. పైగా నేను ఒకప్పుడు అదే చేతిమీద కూర్చుని వచ్చినదాన్ని. బస్సుచార్జీ లేకపోవడం ఎలా ఉంటుందో తెలిసినదాన్ని. తెలిసినవాళ్లు ఆ పని చెయ్యరని మనం అనుకుంటాం. అబ్బే! తెలిసినవాళ్లకే ఆ ముడి ఎక్కడ వెయ్యాలో బాగా తెలుస్తుంది.

ఎవరైనా మన దగ్గరికి తిరిగి తిరిగి వస్తున్నారంటే అది నమ్మకమా, ఆకలా? పనివాళ్ల విషయంలోనే కాదు, పెళ్లాల విషయంలోనూ, పిల్లల విషయంలోనూ ఇదే ప్రశ్న. ఆస్తి కాగితాలు దిండు కింద పెట్టుకుని "మా అబ్బాయి నెలనెలా వచ్చి చూసిపోతాడు" అని మురిసిపోయే పెద్దవాళ్లని చూడలేదా మనం? ముడి విప్పనంతవరకూ ఆ ప్రశ్నకి జవాబు తెలియదు. విప్పితే ఏం తెలుస్తుందో అని భయం. ఆ భయంతోనే చాలామందిమి జీవితమంతా చెయ్యి చాపుకునే ఉండిపోతాం.

ఆగస్టు ముప్ఫై ఒకటిన జీతం ఇస్తూ, ఆ పాత బాకీ కూడా కవర్లో పెట్టి ఇచ్చాను. పన్నెండువందలు అన్నాళ్ల తర్వాత అలాగే ఇవ్వడానికి మొహం చెల్లక, ఇప్పటి జీతం లెక్కన మూడువేలు చేశాను. తను లెక్కపెట్టుకుని, "ఇది దేనికమ్మా?" అంది. చెప్పాను. "మాన్పించేస్తున్నారా?" అంది కంగారుగా. చూశారా! బాకీ తీరిందంటే పని పోయిందనే తనకి తెలిసిన అర్థం. "లేదే, నీ డబ్బు నీకిస్తున్నాను. రేపు మామూలుగానే రా," అన్నాను. ఆ "రా" అనడంలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మర్నాడు రాలేదు.

గిన్నెలు తోముకుంటూ, పక్కింటావిడ చెప్పిన సూత్రం ఎంత గొప్పదో తలుచుకున్నాను. ఆ తర్వాతి రోజూ రాలేదు. ఫోను చేద్దామని తీసి, మళ్లీ బల్ల మీద పెట్టేశాను. పక్కింటావిడ ప్రహరీ మీద నుంచి, "ఏం, మీ బంగారం రాలేదా?" అంది. నడుము నొప్పి ఒకటి, ఆ మాట ఒకటి.

మూడోరోజు ఉదయం ఏడింటికి తలుపు చప్పుడైంది. కొత్త జాకెట్టు వేసుకుని ఉంది. వాళ్లక్కని చూసి ఎన్నేళ్లో అయిందట. చేతిలో డబ్బులున్నాయి కదా అని బస్సెక్కి వెళ్లిందట. నాగా పెడితే జీతం కోస్తానని ఇన్నాళ్లూ వెళ్లలేదట. "చెప్పి వెళ్లొచ్చు గదా" అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. కాఫీ కలిపి ఇచ్చాను. పెద్ద గ్లాసుతోనే ఇచ్చాను లెండి.

రేపు ఎవరైనా అయిదువందలు ఎక్కువిస్తామంటే తను వెళ్లిపోవచ్చు. వెళ్లిపోతే నాకు బాధగానే ఉంటుంది, కోపం కూడా వస్తుందేమో. అంత గొప్పదాన్నేం కాదు. కానీ ఇప్పుడు పొద్దున్నే ఆ తలుపు చప్పుడైతే, తను వచ్చిందని నాకు తెలుస్తోంది. ఎనిమిదేళ్లుగా తలుపు చప్పుడవుతూనే ఉంది గానీ, ఆ సంగతి మాత్రం నాకు తెలియలేదు.

ఆ హడావిడిలో కేలండరు పేజీ తిప్పడం మరిచిపోయాను. తనే గుర్తుచేసింది, "నెల మారిందమ్మగారూ" అని. సెప్టెంబరు పేజీ తిప్పాను. వెనకాల మళ్లీ ఒక తెల్లటి కోట. ముందు భాగంలో ద్రాక్షతోట. అందులో ఆడా మగా కూలీలు వంగి పళ్లు కోస్తున్నారు. ఈసారి వాళ్లకి అడ్డంగా దొరలెవరూ లేరు.

ఇద్దరం కాసేపు చూశాం. "ఈళ్లకి కూలి ఎప్పుడిస్తారో!" అంది తను. గ్లాసు కడిగి బోర్లించి, చీపురు అందుకుంది.